రెండో గవిని దగ్గర ఎర్ర ముగ్గు

ఈ ఉడుముకొండ కోటలో భయమంటే ఏమిటో తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషిని నేనే. పేరు కేశవ, గైడును. పులి వచ్చినా, పిశాచం వచ్చినా, అరచేతిలో కర్పూరం మండినా నా రెప్ప కదలదు. ఆ సంగతి కథ చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

పైకోటకు ఎక్కుదామా, కిందికోట చూసుకొని పోదామా అని మీరింకా తేల్చుకోలేదు. తొందరేమీ లేదు. పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సు ఎక్కేవాళ్ళంతా ఈ రెండో గవిని దగ్గరే ఆగిపోతారు. గవిని అంటే కోట వాకిలి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమచేతికి దిగితే కిందికోట: మెట్లబావి, ఏనుగుల సాల, నీడ. కుడిచేతికి ఎక్కితే పైకోట: పాలెగాడి మేడ గోడలు, ధాన్యపు కొట్లు, కోట మారెమ్మ గుడి, ఎండ. ఒక్క రోజులో రెండూ చూసినవాడు లేడు. చూసే తీరతానని పంతం పట్టిన బెంగళూరు పెద్దమనిషి ఒకాయన ఇంకా పైనే ఎక్కడో తిరుగుతున్నాడని, ఆయన భార్య ప్రతి ఆదివారం వచ్చి కింద నుంచి కేకేసి పోతుందని చెబుతారు. చెప్పేది నేనే.

ఏది చూడాలో నేను చెప్పను. ఈ గవిని కింద జరిగిన క్షుద్రపూజ గురించి మాత్రం చెబుతాను. విన్నాక మీరే తేల్చుకోండి. ఆ మూల కొంగు కప్పుకొని పడుకున్న ముసలామెను పట్టించుకోకండి. ఆమెకు చెవుడు.

అది రెండు వేల మూడు వేసవి... వానదేవుడు మా జిల్లా పేరు మరిచిపోయి ఏళ్ళు దాటింది... సమయం మిట్టమధ్యాహ్నం.

మిగతా ఊళ్ళలో పిశాచగణాలు అర్ధరాత్రి సంచరిస్తాయి. మా దగ్గర రాత్రిపూట కాస్త చల్లగాలి తోలుతుంది కాబట్టి అవి కూడా పడుకుంటాయి. మధ్యాహ్నమే వాటికి పని. ఆ వేళ ఉరుము ఉరమలేదు. ఉరిమి ఉంటే ఊరు ఊరంతా బిందెలు పట్టుకొని బయటికి వచ్చేది. గుడ్లగూబ కూయలేదు. దాని నాలుక అంగిలికి అంటుకుపోయింది. ప్రచండ మార్తాండుడు నిప్పులు చెరుగుతుంటే కోట బురుజులు కపాలాల్లా తెల్లగా మెరుస్తున్నాయి... తుమ్మచెట్ల నీడలు భయంతో ముడుచుకొని చెట్ల మొదళ్ళలో దాక్కున్నాయి...

ఆ భయంకర నిశ్శబ్దంలో ఒక ఆకారం మెట్లెక్కి వచ్చింది. తల చుట్టూ నల్లటి గుడ్డ. చంకలో సంచి. పెదవుల మీద పైశాచిక మందహాసం. గవిని దాటగానే, పైకోటకు పోయే మొదటి బండ మీద ఆ మాంత్రికుడు మోకాళ్ళూనాడు. సంచిలోంచి ఒక్కొక్కటే బయటికి తీశాడు. నల్లకోడి ఈకలు... పసుపు రాసి కోసిన నిమ్మకాయలు... మసిగుడ్డతో చేసిన బొమ్మ... చివరగా, కంటి గుంతల్లో చీకటి నింపుకున్న ఒక పుర్రె! బండ మీద నెత్తుటి వర్ణంలో ఒక యంత్రం వెలిసింది. దాని నడుమ పుర్రె ప్రతిష్ఠితమైంది. దిక్కులు దద్దరిల్లేలా "హ్రీం" అన్నాడు మాంత్రికుడు. అనగానే దగ్గు వచ్చింది. నోట్లో తడి లేదు.

ఆ మాంత్రికుణ్ణి నేనే.

ఎందుకు చేశానో చెబితే నాకే చిన్నతనంగా ఉంటుంది. పగా కాదు, ప్రతీకారమూ కాదు. ఎండ. ఆదివారం వచ్చిందంటే బస్సు దిగినవాళ్ళు దిగినట్టు "పైకోట, పైకోట" అంటారు. వాళ్ళు జన్మలో ఒకసారి ఎక్కి ఫొటో తీసుకొని పోతారు. వాళ్ళతో పాటు ప్రతి ఆదివారం ఎక్కేది నేను. ఆ ఏడు మా మెట్ల మీద రొట్టె వేస్తే రెండు వైపులా కాలేది. కిందికోటలో మెట్లబావి ఎండిపోయినా చల్లగా ఉంటుంది. అక్కడ కూర్చొని, ఈ బావిలో రాణిగారు దూకిన చోటు ఇదీ అని వేలితో చూపిస్తే చాలు. వేలికి చెమట పట్టదు. అందరూ కిందికోటనే ఎంచుకునేలా చేయాలంటే పైకోట దారిలో ఏదో ఒకటి ఉండాలి. ధర్మవరంలో అద్దెకు తెచ్చుకొని చదివిన క్షుద్ర నవలలు బోలెడు ఉన్నాయి నా బుర్రలో. ఏం ఉండాలో తేల్చుకోవడానికి ఒక పూట కూడా పట్టలేదు.

పుర్రె గొర్రెది. మనిషి పుర్రె కోసం శ్మశానానికి పోవాలి, అది ఊరికి దూరం. గొర్రె పుర్రెలు ఆ కరువులో అడుగడుక్కీ పడి ఉండేవి.

యంత్రం మా అక్క జయంతిది. నాకు తిన్నగా ఒక గీత కూడా రాదు. అందుకని అక్క ముగ్గు గొట్టం ఎత్తుకొచ్చాను. రేకు గొట్టం, దాని నిండా చిల్లులు. లోపల ముగ్గుపిండి పోసి నేల మీద దొర్లిస్తే వరసగా తామరపూలు పడతాయి. పిండిలో కుంకుమ కలిపాను. చుట్టూ దొర్లించాను. తెల్లటి తామరలు వాకిట్లో ఎంత ముద్దుగా ఉంటాయో, ఎర్రటి తామరలు గొర్రె పుర్రె చుట్టూ అంత ఘోరంగా ఉన్నాయి. నా పనికి నాకే ముచ్చటేసింది.

ముచ్చటపడి వెనక్కి తిరిగానో లేదో గవినిలోకి గాలి దూరింది. పుర్రె కంటి గుంతల్లోంచి ఊ... అని ఒక మూలుగు. ఆ పుర్రెను తెచ్చింది నేను, పెట్టింది నేను, దాంట్లో ఏ మంత్రమూ లేదని ఈ భూమండలంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా నా కాళ్ళు నన్ను అడగకుండానే మొదటి గవిని దాకా పోయి ఆగాయి. మొదట చెప్పిన భయం సంగతిలో ఈ ఒక్కసారిని కలపకండి.

మొదట చిక్కింది ధర్మవరం నుంచి వచ్చిన మగ్గాల వాళ్ళ కుటుంబం. కొత్తగా పెళ్ళైన జంట, వాళ్ళ వెనక చుట్టాలు. పెళ్ళికొడుకు పైకోటకే పోదామని హుషారుగా ముందు నడిచాడు. గవిని దాటాడు. ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

"ఏమిది?" అన్నాడు.

"ఏముందిలే అన్నా, రోజూ ఉండేదే" అన్నాను నేను, పట్టీ పట్టనట్టు. "పైన ఒక ముసలామె ఉండాది. ఆమె చేతి మజ్జిగ తాగినోళ్ళకు వారం దాకా నీడ పడదు. అంతకు మించి ఏం కాదు. పద, పోదాం."

పెళ్ళికూతురు ముందుకు వంగి చూసింది. "ఇది గొట్టం ముగ్గు మాదిరి ఉండాదే" అంది.

"కండ్లు మూసుకో" అని మామ అరిచాడు. "ఆడోళ్ళు చూస్తే గాలి సోకుతాది. నడువు కిందికి."

ఆ అమ్మాయి కళ్ళు మూసుకొని కిందికోట చూసింది. బావి దగ్గర కూడా తెరవనివ్వలేదు.

ఆ రోజు నుంచి పైకోటకు ఒక్క మనిషి ఎక్కలేదు. మెట్లబావి నీడలో నా వీపు చల్లబడింది. మా అక్క గొట్టాన్ని కడగకుండా పెట్టేశాను కాబట్టి మా వాకిట్లో ముగ్గు కొన్నాళ్ళు గులాబీ రంగులో పడింది. అక్క పిండి మారిందనుకుంది.

ఇక ఆ మజ్జిగ ముసలామె సంగతి. నేను కల్పించింది నీడ ఒక్కటే. మనిషి నిజంగానే ఉంది. పేరు సిద్దమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక బక్క ఆవు. ఆదివారం ఆదివారం మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకొని కొండ వెనక మేకల దోవన ఎక్కి, మారెమ్మ గుళ్ళో దీపం పెట్టి, వచ్చినవాళ్ళకు అల్లం వేసిన మజ్జిగ పోసేది. గవినుల దారి ఆమెకు చుట్టు, అందుకని ఇటు వచ్చేది కాదు. పొద్దునపూట మాత్రం మా ఇంటి మీదుగా పోతూ అక్కకు చెంబెడు మజ్జిగ పోసి పోయేది.

ఒక రోజు నన్ను ఆపింది. "ఏమిరా కేశవా, పైకి ఒక్కరూ రావడం లేదే. కుండ కుండా మళ్ళా ఆవుకే తాపిస్తాండా."

"ఎండకవ్వా" అన్నాను.

"ఎండ పోయినేడు లేదా?"

"ఈ ఏడు ఎండ వేరే అవ్వా. బెంగళూరోళ్ళ తోలు పల్చన."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది. అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. మజ్జిగ కోసం క్షుద్రపూజ ఎత్తేయడం నాకు మర్యాదగా తోచలేదు.

నేను వదిలిన నీడ కథ ఊరికే ఉండలేదు. మా బస్సు కండక్టరు తిప్పేస్వామికి టికెట్లు కొట్టడం కంటే కబుర్లు చెప్పడం ఇష్టం. సోమందేపల్లె దాకా పోయి తిరిగి వచ్చేసరికి ఆ కథకు కోరలు మొలిచాయి. నీడ పడకపోవడం పోయి, నెత్తురు కక్కడం వచ్చింది. ముసలామె పోయి, సిద్దమ్మ వచ్చింది.

సరిగ్గా అప్పుడే గోవిందప్ప గొర్రెలు చావడం మొదలైంది.

గోవిందప్ప చెడ్డవాడు కాదు. గొర్రెలే ఆయన పిల్లలు. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు. అవి మేతకు పోయిన చోటే కూలిపోతుంటే, పొద్దున్నే వాటి కాళ్ళు పట్టుకొని ఈడ్చుకుపోయి గుంతలో వేసి వచ్చేవాడు. ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. ఏడ్చే మనిషి అయితే బాగుండేది. ఏడవని మనిషికి తప్పు మోపడానికి ఎవరో ఒకరు కావాలి.

తిప్పేస్వామే చెప్పాడట, రెండో గవిని దగ్గర పుర్రె ఉందని. గోవిందప్ప ఎక్కి చూసి దిగి వచ్చాడు. టీ అంగడి ముందు నిలబడి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"అది మనిషి పుర్రె కాదు. గొర్రె పుర్రె. గొర్రె పుర్రె ఏంటికి పెడతారు?"



"గొర్ల మీద చేసినారు కాబట్టి" అని తనే చెప్పుకున్నాడు. "పైకి పోయేది ఎవరు? ఒక్క సిద్దమ్మ. అదీ అందరూ పోయే దోవన పోదు. ఎనక దోవన పోతాది. ఏంటికి?"

"మామా, ఆమె ఇల్లు ఆ పక్కనే కదా" అన్నాను నేను.

"నువ్వు గైడువు. నువ్వే చెప్తాండావంట కదరా ఊరూరోళ్ళకు, ఆమె మజ్జిగ తాగితే నీడ పడదని. నీకు తెలీకుండానే చెప్పినావా?"

గుక్కెడు టీ నోట్లో పోసుకున్నాను. మింగాను. ఆ మింగడాన్ని గోవిందప్ప ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

సిద్దమ్మను ఇంట్లోంచి లాక్కొచ్చారు. మళ్ళీ అదే వేళ... మిట్టమధ్యాహ్నం... కొండ రాళ్ళు పొగలు కక్కుతున్నాయి... ఆకాశంలో ఒక గద్ద కదలకుండా నిలబడింది, కిందికి దిగితే కాళ్ళు కాలుతాయని. ఊళ్ళో మగవాళ్ళంతా గవినుల దారిన ఎక్కారు. ఆడవాళ్ళను మొదటి గవిని దగ్గరే ఆపేశారు, గాలి సోకుతుందని. మా అక్క జయంతి చంకలో బిడ్డతో అక్కడే నిలబడిపోయింది. ముందు నడిచి దారి చూపించింది నేనే. గైడును కదా.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఎవరైనా చేతబడి చేశారని ఊరు నమ్మితే ముందు ముందరి పళ్ళు పీకుతారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. గోవిందప్ప జేబులో సైకిలు అంగడి నుంచి తెచ్చిన పటకారు ఉంది. అందరికీ కనపడేటట్టే ఉంది.

సరిగ్గా మీరు కూర్చున్న బండ దగ్గరే ఆమెను నిలబెట్టారు. కొప్పు ఊడిపోయింది. తెల్లటి జుట్టు గాలికి లేస్తుంటే, అప్పటిదాకా ఆమె చేతి మజ్జిగ తాగిన మగవాళ్ళే ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఒప్పుకో సిద్దమ్మా" అన్నాడు గోవిందప్ప.

"ఏం ఒప్పుకోవల్లప్పా?"

"నా గొర్లను ఏంటికి తింటాండావు?"

"గడ్డి లేక చస్తాండాయి గోవిందప్పా. నా ఆవును చూడు, ఎముకల గూడు. దాని మీద ఎవరు చేసినారు?"

"దీన్ని చూసి చెప్పు" అని పుర్రె వైపు చేయి చాపాడు.

ఆమె వంగి చూసింది. అందరూ పుర్రెను చూశారు. ఆమె ఒక్కతే పుర్రెను కాకుండా ముగ్గును చూసింది. మా ఊరి మగవాళ్ళు పుట్టినప్పటి నుంచీ ముగ్గుల మీద నడిచి బయటికి పోయినవాళ్ళే. ఒక్కడూ ఎన్నడూ కిందికి చూసి ఎరగడు. వాళ్ళకు అది నెత్తుటి యంత్రం. సిద్దమ్మ చూపుడువేలు ఒక్కొక్క తామర మీదుగా గాలిలో కదులుతూ పోయింది. ఒక చోట ఆగింది. తర్వాతి పువ్వు దగ్గర అదే చోట మళ్ళీ ఆగింది. ఆమె తలెత్తి అందరి మొహాలూ చూస్తూ వచ్చి నా మొహం దగ్గర నిలిచిపోయింది.

ఇద్దరు ఆమె భుజాలు పట్టుకున్నారు. గోవిందప్ప పటకారు తీశాడు.

అప్పుడు... ఆ పటకారు ఆమె పెదవి తాకేలోపలే... మెరుపు కంటే వేగంగా... నేను గావుకేక పెట్టాను!

నేల మీద పడ్డాను. పొర్లాను. లేచి ఊగాను. దిక్కులు గిరగిరా తిరిగాయి. నా గొంతులోంచి పాత బస్సు గేరు మార్చినట్టు ఒక స్వరం వచ్చింది. "నేను కోట మారెమ్మనురా... ముసల్దాన్ని వదలండి... ఆ పని చేసింది ఆమె కాదు... కేరళ మాంత్రికుడు... ఎర్ర బస్సులో వచ్చినాడు, ఎర్ర బస్సులో పోయినాడు..."

మగవాళ్ళంతా చేతులు జోడించారు. తిప్పేస్వామి మాత్రం ముందుకు వచ్చి వినయంగా అడిగాడు.

"ఏ బస్సు తల్లీ?"

"సోమందేపల్లె బస్సు."

"అది గేర్‌బాక్సు పోయి డిపోలో పడుండాది కదా తల్లీ. నేను దినామూ ఊళ్ళోనే ఉండా."

"దాని ముందే పోయినాడు" అంది మారెమ్మ, కొంచెం కోపంగా.

గోవిందప్ప పటకారు దించాడు. సిద్దమ్మ భుజాలు వదిలేశారు. ఆమె కొంగుతో నోరు తుడుచుకొని, నెమ్మదిగా నడిచి వచ్చి నా కాళ్ళ మీద పడింది. ఆపద గడిచిందనుకున్నాను. ఊరంతా వినేటట్టు ఆమె నెత్తి బాదుకుంటూ మొదలుపెట్టింది.

"తల్లీ, నీ గుళ్ళో దీపం పెట్టేదాన్ని నేను. నీ మాట నాకు తెలీదా. పైన గుళ్ళో ఉండేదానివి ఈ వాకిట్లో నిలబడతావేంటికి? పద తల్లీ, నీ గుడికి పోదాం. ఊరు ఊరంతా నీ ఎనక వస్తాది."

నేను మెట్ల వైపు చూశాను. ఎండలో అవి కదులుతున్నట్టు కనిపించాయి.

"ఈడనే చెప్తా" అంది మారెమ్మ.

"గుళ్ళో చెప్పల్ల తల్లీ. చెప్పులు విడువు. చెప్పులేసుకున్న మారెమ్మను నేను యాడా చూళ్ళేదు."

మహాజనులారా, నరకలోకం గురించి పురాణాల్లో మీరు చదివే ఉంటారు. కుంభీపాకం, సలసల కాగే నూనె, అవన్నీ రాసినవాళ్ళు చైత్రమాసంలో చెప్పుల్లేకుండా ఉడుముకొండ ఎక్కలేదు. ఎక్కి ఉంటే అంత తేలిగ్గా రాసేవాళ్ళు కాదు. మొదటి మెట్టు మీద నా అరికాళ్ళలో అగ్నిదేవుడు కాపురం పెట్టాడు. ఆ పైన వంశాన్ని విస్తరించాడు. నేను గెంతుతుంటే జనం "అమ్మవారి ఆట చూడండప్పా" అని దణ్ణాలు పెట్టారు. ఆగితే వెనక నుంచి సిద్దమ్మ వేపమండతో వీపు మీద కొడుతోంది. "ఆగొద్దు తల్లీ, ఆగొద్దు." ఏ కొండ ఎక్కడం తప్పించుకోవడానికి ఇంత క్షుద్రం చేశానో, ఆ కొండను గెంతుకుంటూ ఎక్కాను.

పైన గుడి చిన్నది. నలుగురు నిలబడితే నిండిపోతుంది. సిద్దమ్మ గడపలో నన్ను నిలబెట్టి, నా కుడిచేయి పట్టుకొని, అరచేతిలో కర్పూరం బిళ్ళ పెట్టింది. నిజమైన పూనకమైతే చేతిలో కర్పూరం మండినా కాలదు. ఇది మా సీమలో పసిబిడ్డకు కూడా తెలుసు. నాకూ తెలుసు. పూనేటప్పుడు గుర్తురాలేదు.

గోవిందప్ప ఎదురుగా నిలబడ్డాడు. పటకారు ఇంకా చేతిలోనే ఉంది.

సిద్దమ్మ హారతి ఇస్తున్నట్టు నా దగ్గరికి వంగింది. గొంతు నాకు మాత్రమే వినపడింది.

"మీ అక్క గొట్టంలో ఒక బెజ్జం మూసుకుపోయిందిరా. పూవు పూవుకూ ఒక రేకు పడదు. మీ వాకిట్లో ముగ్గు కొన్నాళ్ళు ఎర్రెర్రగా పడిండె. మగోళ్ళకు కండ్లు లేవు, నాకుండాయి. నేను చెప్తే వీళ్ళు నమ్మరు. నువ్వు చెప్పల్ల. చెప్తావా, కర్పూరం పట్టుకుంటావా?"

ఆమె అగ్గిపెట్టె తీసింది.

పుల్ల భగ్గుమంది! కర్పూరం అంటుకుంది! నా అరచేతిలో ప్రళయాగ్ని నాలుకలు చాచింది... చర్మం చిటపటలాడింది... జనం హాహాకారాలు చేశారు... నేను మాత్రం రాతిబొమ్మలా నిలబడ్డాను. రెప్ప కదలలేదు. కర్పూరం పూర్తిగా కరిగి ఆరిపోయేదాకా పట్టుకొని, అప్పుడు, ఎవరి బలవంతమూ లేకుండా, ధర్మం కోసం నోరు తెరిచి నిజం చెప్పాను. దుష్ట మాంత్రికుడు అలా అంతమయ్యాడు. అదీ ఈ గవిని కథ. ఇప్పుడు చెప్పండి, పైకోటా, కిందికోటా?

"చెయ్యి చూపించురా."

మూల పడుకున్న ముసలామె లేచి కూర్చుంది. కొంగు తీసేసింది. పక్కన మజ్జిగ కుండ.

"ఏ చెయ్యి అవ్వా?"

"కర్పూరం మండిన చెయ్యి. ఆయప్పకు చూపించు, కండ్లద్దాలు పెట్టుకున్నాడు కదా, బాగా కనపడతాది."

చూపించాను. మీరంతా చూశారు. మచ్చ లేదు.

"మానిపోయిందవ్వా" అన్నాను.

"పుల్ల గీసినానా నేను?"

గీయలేదు. ఒప్పుకుంటున్నాను. ఆమె అగ్గిపెట్టె తీసి నా చెవి దగ్గర ఒకసారి గలగలమని ఊపింది. అంతే. "నేనే వేసినానవ్వా, నేనే వేసినా మామా, ముగ్గు నాది, పుర్రె నాది, కేరళలో ఎవడూ లేడు" అని గడప మీద కూలబడి ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఆమెకు చెవుడన్న మాట కూడా అబద్ధమే, అది మీకు అర్థమయ్యే ఉంటుంది.

గోవిందప్ప నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పటకారు వైపు చూసుకున్నాడు. "మరి నా గొర్లు?" అని అడిగాడు, ఎవరినో తెలియదు. సిద్దమ్మే చెప్పింది, గడ్డి లేక అని. ఆ మాట ఆమె గవిని దగ్గర కూడా చెప్పింది. అప్పుడు వినపడలేదు ఆయనకు. ఆయన గుడి వెనక్కి పోయి కూర్చుని, చాలాసేపటికి దిగాడు. ఈనాటికీ ఆమె ఎదురుపడితే తల ఎత్తడు.

ఊరు నన్ను ఏం చేయాలా అని కొట్లాడుకుంటుంటే ఆమే తేల్చింది. ఆదివారం ఆదివారం ఆమె కుండ నా నెత్తిన. వచ్చినవాళ్ళకు ఈ బండ దగ్గర నిలబడి చేసింది చెప్పాలి. ఆ తర్వాతే వాళ్ళు ఏ కోటకు పోవాలో వాళ్ళిష్టం. అదీ అసలు సంగతి. ఇంక ఏమీ దాచలేదు.

"అవ్వా" అని మీలో ఆ పచ్చచీర అక్క అడిగింది. "మీ ముందరి పన్ను ఏమైంది?"

సిద్దమ్మవ్వ నవ్వింది. నవ్వితే ఆ సందు ఇంకా బాగా కనిపిస్తుంది.

"నన్నడుగుతావేంటికి? వాన్నడుగు. పటకారు తాకేలోపలే మెరుపు మాదిరి అరిచినాడంట కదా."

కింద బస్సు హారను వినిపించింది. ఎవరూ లేవలేదు.

మెరుపు కాదక్కా. నేను వెంటనే అరవలేదు. నేనే వేసినాను మామా అనే మాట నాలుక మీదే ఉంది. వేరే ఎవరైనా ఆపుతారేమో, గోవిందప్పే ఆగిపోతాడేమో, ఆమే నా పేరు చెప్పేస్తుందేమో అని చూస్తూ నిలబడ్డాను. ఆమె చెప్పలేదు. నన్నే చూస్తూ ఉంది. ఆ పన్ను ఈ బండ మీద పడి టిక్కుమన్న తర్వాతే నాకు మారెమ్మ పూనింది.